వర్ట్ ఒకచోట, పులియబెట్టడం ఇంకోచోట: ఆ మధ్య గంటల్ని కాపాడుకునే పద్ధతి

మేం బీరు చేసే సెల్లార్‌లో మాల్ట్‌ను (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని) వేడినీళ్లలో నానబెట్టే పాత్ర లేదు, హాప్స్ (చేదునిచ్చే పువ్వులు) వేసి కాచే కెటిల్ లేదు. వర్ట్, అంటే ఈస్ట్ పడకముందు ఉండే తియ్యటి మాల్ట్ ద్రవం, ఇంకో బ్రూవరీలో తయారై ట్యాంకులో మా దగ్గరికి వస్తుంది. ఈస్ట్ వేయడం, పులియబెట్టడం, పీపాల్లో నెలల తరబడి ఉంచడం, రుచి చూసి కలపడం, సీసాల్లో పట్టడం మా పని. ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు ముందు రెసిపీ గురించి అడుగుతారు. నేను మాత్రం గడియారం గురించి చెప్తాను. వర్ట్ చల్లబడిన క్షణం నుంచి మీ ఈస్ట్ దానిలో పట్టు సాధించేదాకా ఉన్న గంటల మీదే మొత్తం బీరు ఆధారపడి ఉంటుంది.

ఇది సొంత బ్రూహౌస్ కొనలేనివాళ్లు కనిపెట్టిన అడ్డదారి కాదు. బెల్జియంలో లాంబిక్ (గాలిలోని సహజమైన ఈస్ట్‌తో పులిసే పుల్లటి బీరు) కలిపేవాళ్లది పాత వృత్తి. డ్వోర్ప్‌లోని హాన్సెన్స్ వాళ్లు వర్ట్ కాచరు, కొని తెచ్చుకుని తమ పీపాల్లో పులియబెట్టి, వేర్వేరు వయసుల లాంబిక్ కలిపి గూజ్ అనే బీరు చేస్తారు. 2011లో తొలి గూజ్ విడుదల చేసిన టిల్కిన్ సంస్థ అయితే బోన్, లిండెమన్స్, జిరార్డిన్, కాంటియోన్ బ్రూవరీల వర్ట్‌తో మొదలుపెట్టింది. బవేరియాలో ఎగువ పాలటినేట్ ప్రాంతానికి వెళ్తే విండిషెషెన్‌బాక్ లాంటి ఊళ్లలో అందరికీ కలిపి ఒకటే బ్రూహౌస్. హక్కు ఉన్న ఇళ్లవాళ్లు అక్కడ వర్ట్ కాచుకుని, చల్లారాక తమ ఇంటి సెల్లార్‌కు తెచ్చుకుని ఈస్ట్ వేస్తారు. జోయిగల్ బీరు అలాగే పుడుతుంది.

ముందు ఎవరి దగ్గర కొనాలో తేల్చుకోండి. వాళ్ల బీరు రుచిగా ఉందా అన్నది రెండో ప్రశ్న. వాళ్ల హీట్ ఎక్స్ఛేంజర్ (మరిగిన వర్ట్‌ను చల్లబరిచే పరికరం) శుభ్రంగా ఉందా అన్నది మొదటిది. కెటిల్‌లో మరిగినంతసేపూ వర్ట్‌కు భయం లేదు, చల్లబడే దారిలోనే బ్యాక్టీరియా కలుస్తుంది. దీనికి చవకైన పరీక్ష ఒకటుంది. హీట్ ఎక్స్ఛేంజర్ దాటాక, ఈస్ట్ వేయకముందు, స్టెరిలైజ్ చేసిన గాజు జాడీలోకి కొంచెం వర్ట్ పట్టండి. మూత వదులుగా పెట్టి 30 డిగ్రీల దగ్గర ఉంచండి. మూడు రోజులైనా తేటగా, బుడగలు లేకుండా ఉంటే ఆ బ్రూవరీతో నిశ్చింతగా మాట్లాడొచ్చు. మర్నాటికే మసకబారి, మూత తీస్తే ఉడికిన కూరగాయల వాసన కొడితే, వాళ్లు ఎంత మంచివాళ్లయినా వర్ట్ తీసుకోవద్దు. సొంత బీరుకు వాళ్లు వెంటనే బోలెడంత ఈస్ట్ వేస్తారు కాబట్టి ఈ లోపం వాళ్లకు కనపడకపోవచ్చు. ప్రయాణం చేసే మన వర్ట్‌లో తప్పకుండా కనపడుతుంది.

తర్వాత ఏం కావాలో కాగితం మీద రాసివ్వండి. మాల్ట్ ఎంత, గోధుమ ఎంత అన్నదొక్కటే చాలదు. మాష్ ఉష్ణోగ్రత, అంటే మాల్ట్‌ను నానబెట్టే నీళ్ల వేడి, కూడా రాయాలి, ఎందుకంటే ఆ నిర్ణయం వాళ్ల చేతుల్లో జరిగిపోతుంది, మనం తర్వాత సరిదిద్దలేం. త్వరగా పూర్తయ్యే, తీపి మిగలని బీరుకు 65 డిగ్రీలు చాలు. పీపాల్లో బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్‌తో ఎక్కువకాలం ఉంచేదానికి నేను 69, 70 అడుగుతాను, ఆ ఈస్ట్ నెమ్మదిగా తినడానికి డెక్స్‌ట్రిన్లు (మామూలు ఈస్ట్ తినలేని పెద్ద చక్కెరలు) మిగలాలి కదా. లాక్టోబాసిలస్‌తో పులుపు తేవాలంటే హాప్స్ చేదు బాగా తక్కువగా ఉండాలి, లేకపోతే ఆ బ్యాక్టీరియాలో చాలా రకాలు పనిచేయవు.

డబ్బు లెక్క లీటర్ల మీద పెట్టుకుంటే గొడవలొస్తాయి. మరిగే వర్ట్ చల్లబడేసరికి 4 శాతం దాకా కుంచించుకుపోతుంది కాబట్టి, ఏ ఉష్ణోగ్రతలో కొలిచిన లీటర్లో ముందే రాసుకోవాలి. ఇంకా మంచి పద్ధతి ఎక్స్‌ట్రాక్ట్, అంటే వర్ట్‌లో కరిగిన చక్కెరల్లాంటి పదార్థం, లెక్క. 12 డిగ్రీల ప్లేటో (బరువులో 12 శాతం ఎక్స్‌ట్రాక్ట్) వర్ట్ 1000 లీటర్లు సుమారు 1048 కిలోలు తూగుతుంది, అందులో ఎక్స్‌ట్రాక్ట్ 126 కిలోలు. అదే 11 డిగ్రీలకు వస్తే 115 కిలోలే. లీటర్లు అవే, మీకు అందింది మాత్రం 11 కిలోలు తక్కువ. ట్యాంకు బరువు కూడా కలిపి మీ నేల, ఫోర్క్‌లిఫ్ట్ మోయగలవో లేదో ముందే చూసుకోండి.

ఇక ట్యాంకు. చాలామంది ఐబీసీ అనే, ఇనుప చట్రంలో ఉండే 1000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు వాడతారు. లోపలి గోడలు తళతళలాడుతుంటాయి, మురికంతా కింది వాల్వ్‌లో ఉంటుంది. దాన్ని విప్పండి. మూసుకునే పళ్లెం అంచున, రబ్బరు గాస్కెట్ వెనక గోధుమరంగు జిగురు వేలికి తగులుతుంది. కడగడానికి ఎంత కాస్టిక్ తిప్పినా, క్రిములు చంపడానికి పెరాసిటిక్ యాసిడ్ పోసినా వాల్వ్ విప్పకుండా ఆ జిగురు పోదు. నేను నింపే ప్రతిసారీ విప్పి కడుగుతాను, గాస్కెట్ మీద గీత కనపడితే మార్చేస్తాను. లోపలి గోడ గీసుకుపోయిన ట్యాంకును కూడా వర్ట్‌కు వాడను.

దీనికి ముడిపడి ఇంకో నియమం ఉంది, దాని మీద మాత్రం రాజీపడకండి. బ్రెటనోమైసిస్, లాక్టోబాసిలస్, పీడియోకాకస్ (ఇంకో పులుపు బ్యాక్టీరియా) ముట్టిన ట్యాంకు గానీ పైపు గానీ వర్ట్ ఇచ్చే బ్రూవరీ గడప దాటకూడదు. వాళ్లు శుభ్రమైన బీరు చేసుకుని బతుకుతున్నారు. వర్ట్ మోసే ట్యాంకు వేరు, పులియబెట్టే ట్యాంకు వేరు. గొట్టాలకు రంగు టేపు చుట్టి విడిగా పెట్టుకోండి.

ఈస్ట్ ఎక్కడ వేయాలి? మామూలు ఏల్ ఈస్ట్ అయితే, వాళ్లు ఒప్పుకుంటే, నింపిన చోటే వేయడం నాకిష్టం. 12 డిగ్రీల వర్ట్‌కు మిల్లీలీటరుకు 90 లక్షల కణాలు, అంటే 1000 లీటర్లకు 9 లక్షల కోట్లు. లారీ ఇంటికి చేరేలోగా ఈస్ట్ పని మొదలుపెడుతుంది. ఆక్సిజన్ 8 నుంచి 10 పీపీఎం అప్పుడే ఇవ్వాలి. ఈస్ట్ వేసిన ట్యాంకులో పైన కొంత ఖాళీ వదలండి, గ్యాస్ బయటికి పోయే మూత పెట్టండి. బిగించిన మూతతో రోడ్డెక్కడం ప్రమాదం.

మిశ్రమ కల్చర్ (ఈస్ట్‌తోపాటు బ్యాక్టీరియా కూడా ఉన్నది) అయితే మన దగ్గరికి వచ్చాకే వేయాలి. అప్పుడు వర్ట్‌ను 5 డిగ్రీల లోపు చల్లబరిచి, ట్యాంకు నిండుగా నింపి, అదే రోజు తెచ్చుకోవాలి. ఆక్సిజన్ కూడా కల్చర్‌తోపాటే ఇవ్వండి. దూరం ఎక్కువై, ఎలాగూ పుల్లటి బీరే చేస్తున్నట్లయితే, లాక్టిక్ యాసిడ్‌తో పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 కన్నా కిందికి దించమని అడగొచ్చు. వర్ట్ బ్యాక్టీరియా చాలావరకు అక్కడ ఆగిపోతుంది. ఈస్ట్ లేని వర్ట్‌ను, పీహెచ్ 4.6 పైన ఉన్నదాన్ని, మూత బిగించి గది వేడిలో రోజుల తరబడి నిల్వ పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. పీహెచ్ 4.6 పైన, గాలి లేని చోట బొట్యులిజం కలిగించే బ్యాక్టీరియా పెరగగలదు. దాని విషానికి రుచీ వాసనా ఉండవు.

లారీ వచ్చాక పంపు తగిలించే ముందు నమూనా తీయండి. వాసన, ఉష్ణోగ్రత, గ్రావిటీ (ప్లేటో డిగ్రీల్లో కొలిచే చిక్కదనం), పీహెచ్ చూసి, బయల్దేరేటప్పుడు రాసిన అంకెల పక్కన రాయండి. ఈస్ట్ వేయని వర్ట్ పీహెచ్ 5.2తో బయల్దేరి 5.0తో దిగిందంటే దారిలో ఏదో పెరిగినట్టే. మంచి వర్ట్ తియ్యగా, మాల్ట్ వాసనతో ఉంటుంది. అనుమానం ఉంటే దించుకోకండి. పారబోసే ఖర్చు ఎవరిది, సరుకు బాధ్యత ఏ క్షణాన చేతులు మారుతుంది అన్నవి ఒప్పందంలో ఉంటే ఆ సమయంలో టెన్షన్ ఉండదు.

ఆ నమూనాలోంచే ఒక సీసా తీసి, ఈస్ట్ ఎక్కువగా వేసి, 25 డిగ్రీల దగ్గర అప్పుడప్పుడూ ఊపుతూ ఉంచండి. రెండు మూడు రోజుల్లో దాని గ్రావిటీ ఎంతవరకు దిగుతుందో తెలిసిపోతుంది. పెద్ద ట్యాంకు అంతకన్నా పైన ఆగితే తప్పు మన ఈస్ట్‌దో, మన ఉష్ణోగ్రతదో. సీసా కూడా పైనే ఆగితే మాష్ గురించి అవతలివాళ్లతో మాట్లాడాలి.

ఎక్సైజ్ విషయం దేశానికో తీరు. వర్ట్ బదిలీకి అనుమతి కావాలా, పన్ను ఎవరి ఖాతాలో పడుతుంది, లేబుల్ మీద ఎవరి పేరు రాయాలి అన్న మూడింటికీ మొదటి ట్యాంకు కదలకముందే రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. జర్మనీలాగా ప్లేటో డిగ్రీల మీద పన్ను వేసే చోట మీ గ్రావిటీ పుస్తకమే సాక్ష్యం.

ముందు చెప్పిన జాడీ పరీక్షకు ప్రతి ట్యాంకు నుంచి రెండు జాడీలు పట్టండి, ఒకటి అక్కడ నింపేటప్పుడు, ఒకటి ఇక్కడ దించేటప్పుడు. రెండూ పక్కపక్కనే పెడితే తేడా ఎక్కడ మొదలైందో, హీట్ ఎక్స్ఛేంజర్‌లోనో మన ట్యాంకులోనో, వాదన లేకుండా తేలిపోతుంది.