పాఠం 4: ఏరియేటర్‌ని కాదు, అది తిరిగిన గంటని అమ్మడం

గ్యారంటీ కార్డుకీ సర్వీసు ఒప్పందానికీ తేడా గత పాఠంలో చూశాం. ఈసారి గంటల లెక్క. 1962లోనే బ్రిటన్‌లో బ్రిస్టల్ సిడ్లీ సంస్థ తన వైపర్ విమాన ఇంజన్లకు, ఎగిరిన గంటకి ఇంతని తీసుకుని మరమ్మతు భారం తనే మోసింది. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువులకి ఏరియేటర్లు, అంటే నీటిని చిలికి ఆక్సిజన్ కలిపే యంత్రాలు, తయారుచేసే చిన్న ఫ్యాక్టరీకీ ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు స్టార్టర్ పెట్టెలో, తిరిగిన గంటలు లెక్కించే అవర్ మీటర్, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ బిగించండి. 2 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు ఫుల్ లోడు మీద సుమారు 3.4 ఆంపియర్లు లాగుతుంది. బిగించిన రోజే క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజుల్లోనూ కరెంటు ఎంతో చూసి రాసుకోండి. తర్వాత కరెంటు పెరుగుతుంటే బేరింగ్, చక్రాలకు చుట్టుకున్న నాచు, లో వోల్టేజి, ఈ మూడూ చూడాలి. ప్రివెంటర్ లేకపోతే ఒక ఫేజు పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాయిల్ కాలేదాకా. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడిందంటే సీల్ పోయి నీళ్లు దిగాయి. ఆయిలొక్కటే మార్చి వచ్చేయకండి.

ధరకి లెక్క ఇలా. రోజుకి 14 గంటలు, 120 రోజుల పంట, 10 ఏరియేటర్లు అనుకుంటే 16,800 గంటలు. విడిభాగాలు, కూలి, బండి ఖర్చు కలిపి 67,200 రూపాయలు తేలితే గంటకి అసలు ఖర్చే 4 రూపాయలు. లాభం ఆపైన. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి రైతు ముందే రొయ్యలు పట్టేస్తే గంటలు పడిపోతాయి. అందుకే కనీస గంటల షరతు రాయించుకోవాలి.

ఇక్కడిదాకా తేలికే. బోల్తా కొట్టేది ఫ్యాక్టరీ లోపల. మెకానిక్‌కి రిపేరుకింత అని ఇస్తుంటే యంత్రం చెడితేనే అతనికి డబ్బు, కంపెనీకేమో నష్టం. జీతం ఇచ్చి, ఆగకుండా తిరిగిన గంటల మీద బోనస్ కట్టండి. సర్వీసు స్టాకుకి వేరే గది, వేరే తాళం ఉండాలి. లేదంటే సీజన్లో అమ్మకాల వాళ్లు ఆ గేర్‌బాక్సులే కొత్త యంత్రాలకి బిగించి పంపేస్తారు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ "పొద్దున్నే వస్తాం" అంటే అప్పటికే రొయ్య తేలిపోతుంది. కాబట్టి చెరువుల దగ్గరే ఒక స్పేర్ సెట్టు ఉంచి, రాత్రి డ్యూటీ మనిషి చేత మార్పించండి. రిపేరు తర్వాత షెడ్డులో చేసుకోవచ్చు.

అభ్యాసం: పోయిన సీజన్ ఫిర్యాదుల పుస్తకం తీసి, ఒక్కో ఫిర్యాదుకీ యంత్రం ఎన్ని గంటలు ఆగిందో, అందులో విడిభాగం కోసం ఎదురుచూసినవి ఎన్నో విడిగా రాయండి. 5వ పాఠంలో ఒప్పంద పత్రం రాయడానికి ఆ పట్టిక కావాలి.