బాస్కెట్‌బాల్ రిఫరీ పాఠాలు – 4: ట్రావెలింగ్‌ను ఎక్కడ నిలబడి చూడాలి?

గత పాఠంలో డబుల్ డ్రిబుల్ గురించి, అంటే బంతిని నేలకు కొట్టడం (డ్రిబుల్) ఆపి మళ్లీ మొదలుపెట్టడం గురించి, తెలుసుకున్నాము. ట్రావెలింగ్‌ను, అంటే బంతి చేతిలో ఉండగా నియమానికి మించి పాదాలు కదపడాన్ని, కనిపెట్టడం అంతకంటే కష్టం, ఎందుకంటే బంతి చేతికి అందిన క్షణాన పాదాలు ఎక్కడున్నాయో చూడకపోతే, ఆ తరువాత ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా లెక్క తప్పుతుంది.

నిలబడి, రెండు పాదాలూ నేలపై ఉండగా బంతి అందుకున్న ఆటగాడు ఒక పాదం ఎత్తగానే రెండోది పివట్ పాదం, అంటే నేలపై ఒకేచోట నిలిపి ఉంచాల్సిన పాదం, అవుతుంది. డ్రిబుల్ మొదలుపెట్టాలంటే ఆ పివట్ పాదం లేవకముందే బంతి చేతిని విడవాలి. పాస్‌కో షాట్‌కో అయితే పాదం లేవవచ్చు గాని, అది తిరిగి నేలను తాకేలోగా బంతి చేయి దాటిపోవాలి.

పరుగులో ఉన్నవారి సంగతి వేరు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) 2017 అక్టోబరు 1 నుంచి అమలుచేసిన సవరణ ప్రకారం, బంతి అదుపులోకి వచ్చినప్పుడు నేలపై ఉన్న పాదాన్ని లెక్కించకూడదు. ఆ తరువాత నేలను తాకే పాదమే మొదటి అడుగు. కుడి పాదం నేలపై ఉండగా పాస్ అందుకున్న అమ్మాయి ఎడమ, కుడి వేసి లేఅప్‌కు (బుట్ట దగ్గరకు వెళ్లి ఎగిరి వేసే షాట్‌కు) లేస్తే, చుట్టూ ఉన్నవాళ్లు ‘మూడు స్టెప్పులు’ అని ఎంత అరిచినా అది సరైన ఆటే. అయితే ఆమె డ్రిబుల్ చేయదలిస్తే రెండో అడుగు పడకముందే బంతిని వదలాలి. చాలామంది మరచిపోయేది ఈ షరతునే.

ఇదంతా కంటికి కనబడాలి కదా! ఇద్దరు రిఫరీల పద్ధతిలో లీడ్ అనే రిఫరీ బుట్ట వెనుకనున్న ఎండ్‌లైన్ వద్ద ఉంటారు, ట్రైల్ అనే రెండో రిఫరీ ఆట వెనుక, బంతికి కాస్త ఎడమగా ఉంటారు. ఒక మ్యాచ్‌లో ట్రైల్‌గా ఉన్న నేను ఆటగాడి వీపు వెనకే నిలబడిపోయి, పాదం కనిపించక, భుజాల ఊపును బట్టి విజిల్ వేశాను. అతని పివట్ పాదం కదలనే లేదని పక్కనుంచి తీసిన వీడియోలో తరువాత చూశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆటగాడికీ డిఫెండర్‌కూ మధ్యనున్న సందు కనిపించేలా ఒక్క అడుగు పక్కకు జరిగి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు.

ఈ వారం సాధనగా ఏదైనా ఆటను విజిల్ లేకుండా చూడండి. ప్రతి పాస్‌కూ బంతి అందుకున్నప్పుడు నేలపై ఉన్న పాదం ‘కుడి’ లేదా ‘ఎడమ’ అని, గాలిలో అందుకుంటే ‘గాలి’ అని, పైకి చెప్పండి. చెప్పలేకపోయిన ప్రతిసారీ మీరు నిలబడ్డ చోటును ఒక కాగితంపై గుర్తుపెట్టుకోండి. వచ్చే పాఠాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడదాము.