ఆవులు పోయినా పొలం పన్ను పెరగకుండా: టెక్సస్‌లో మేము చేసిన పని

ఆస్టిన్‌కు పడమట, హిల్ కంట్రీలో మాకు 22 ఎకరాలు ఉన్నాయి. అందులో పక్క రైతు ఆవులు మేసేవి కాబట్టి వ్యవసాయ భూమి లెక్కనే పన్ను కట్టేవాళ్ళం. ఆయనకు వయసు మీదపడి మందను అమ్మేస్తానన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. మేత ఆగిపోతే మార్కెట్ ధర మీద పన్ను పడుతుంది. అప్పుడు పట్టుకున్న దారి వన్యప్రాణుల పోషణ. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల పొలాలు కొంటున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఇది అదనపు రాయితీ కాదు. 1995లో టెక్సస్ ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించాక, వన్యప్రాణుల పోషణనూ వ్యవసాయంగానే లెక్కగడుతున్నారు. పన్ను మునుపటంతే ఉంటుంది. అయితే దరఖాస్తుకు ముందు ఏడాది ఆ భూమి వ్యవసాయ లేదా కలప భూమిగా నమోదై ఉండాలి. ఆవులను పంపేసి, ఏడాది ఖాళీగా వదిలేసి, ఆ తర్వాత అడిగితే దారి మూసుకుపోతుంది. పెద్ద పొలంలో ముక్క కొంటే కనీస విస్తీర్ణం నిబంధన కూడా అడ్డురావచ్చు. కొనకముందే మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే పన్ను కోసం భూముల విలువ కట్టే ఆఫీసులో అడగండి.

చట్టం చెప్పే పనులు ఏడు: ఆవాసాన్ని బాగుచేయడం, నేలకోతను ఆపడం, వేటాడే జీవులను అదుపు చేయడం, నీరు పెట్టడం, మేత పెట్టడం, గూళ్ళు కట్టడం, ప్రాణులను లెక్కించడం. వీటిలో కనీసం మూడు చేయాలి. నేను నాలుగు పెట్టుకున్నాను, ఏదైనా ఒకటి తప్పినా మిగతావి నిలబడతాయని. ప్రాణులు స్థానిక జాతులే కావాలి. మా పొలానికి మన నల్లమల అడవుల్లో ఉండే చుక్కల దుప్పులు కూడా వస్తాయి. ఎప్పుడో ఇండియా నుంచి తెచ్చిన జాతి అది. చూస్తే ప్రాణం లేచివస్తుంది గాని, లెక్కలోకి రావు.

గూళ్ళ విషయంలో తొందరపడకండి. బ్లూబర్డ్ అనే చిన్న పిట్ట గూడు కట్టుకునే పెట్టెకు ఒకటిన్నర అంగుళాల రంధ్రం చాలు. మొదటి వసంతంలో ఒక పెట్టెలో లేత నీలం గుడ్లు నాలుగు చూశాను. వారం తర్వాత తెరిస్తే ఖాళీ. పెట్టెను నిలబెట్టిన కడ్డీ పట్టుకుని పాము ఎక్కింది. ఆ రోజే కడ్డీకి గరాటులాంటి రేకు తొడుగు బిగించాను. వేసవిలో అదే పెట్టెలోంచి పిల్లలు ఎగిరిపోయాయి. ఆవుల నీటితొట్టిని అలాగే ఉంచి, లోపల ఒక పక్కగా రాళ్ళు పేర్చాను, చిన్న పిట్టలు పడితే ఎక్కి బయటికి రావడానికి.

సీడర్ చెట్లు కొట్టేముందు ఆగండి. లేత మొక్కలు తీయవచ్చు, ముసలి చెట్లను ముట్టుకోవద్దు. వాటి బెరడు పీచుతో, సాలెగూటి దారంతో గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ గూడు అల్లుకుంటుంది. ఆ పిట్ట గుడ్లు పెట్టేది ప్రపంచం మొత్తంలో టెక్సస్ నడిమి ప్రాంతంలోనే.

ఇక కాగితాలు. 50-129 నంబరు దరఖాస్తు, దానికి జతగా పోషణ ప్రణాళిక ఏప్రిల్ 30 లోపు అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు చేరాలి. ప్రణాళిక రాయడానికి టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ జీవశాస్త్రవేత్తలు ఉచితంగా సలహా ఇస్తారు. చేసిన ప్రతి పనికీ తేదీ, ఫొటో, రసీదు దాచండి. ఏటా నివేదిక అడగవచ్చు. నేను నెలకోసారి తెల్లవారుజామున, అవే మూడు చోట్ల పది నిమిషాల చొప్పున నిలబడి, కనిపించిన పిట్టలను నోటుపుస్తకంలో రాస్తాను.