పిరిడీన్‌లో ప్లాస్మా పుట్టించి కార్బన్ ఉత్ప్రేరకాన్ని తయారుచేసే విధానం

ఇంధనం నుంచి నేరుగా విద్యుత్తు పుట్టించే ఇంధన ఘటాల్లో ఆక్సిజన్ క్షయకరణానికి (ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను గ్రహించే చర్యకు) ఉత్ప్రేరకంగా వాడే ప్లాటినం చాలా ఖరీదైనది కనుక, దానికి బదులుగా నైట్రోజన్ చేరిన కార్బన్ నానోకణాలను ద్రవంలోనే ప్లాస్మా (విద్యుదావేశిత వాయువు) పుట్టించి తయారుచేసే పద్ధతిని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు అభివృద్ధి చేశారు.

గాజు పాత్రలో కార్బన్, నైట్రోజన్ రెండూ ఉన్న పిరిడీన్ అనే ద్రవాన్ని పోసి, సిరామిక్ గొట్టాలు తొడిగిన రెండు టంగ్‌స్టన్ కడ్డీలను అందులో మునిగేలా ఎదురెదురుగా బిగించి, కొనల మధ్య ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా తక్కువ ఎడం ఉంచాలి. పిరిడీన్ విషపూరితం, సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వద్దనే దాని ఆవిరి అంటుకోగలదు. అందువల్ల పనంతా ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే, ద్రవం పైనున్న ఖాళీని నైట్రోజన్‌తో నింపి, పాత్రను చల్లబరుస్తూ చేయాలి. ఈ ఏర్పాట్లు లేనిచోట ప్రయోగం మొదలుపెట్టనే కూడదు.

కిలోవోల్టు స్థాయి పల్స్ విద్యుత్తు ఇవ్వగానే కొనల మధ్య వెలుగు పుడుతుంది, తేటగా ఉన్న ద్రవం కాసేపటికే నల్లబడుతుంది. ఇలా ఏర్పడిన కార్బన్ పొడి కొనల మధ్య సందులో పేరుకుంటే షార్ట్ అవుతుంది కాబట్టి అయస్కాంత కలియబెట్టు పరికరాన్ని ఆపకూడదు. కొనలు అరిగేకొద్దీ ఎడం పెరిగి ప్లాస్మా నిలకడ తప్పుతుంది. పైగా అరిగిన టంగ్‌స్టన్ పొడిలో కలుస్తుంది కనుక, ఎక్స్‌రే వివర్తనంతో (స్ఫటిక పదార్థాలను గుర్తించే ఎక్స్‌రే పరీక్షతో) దాని జాడను తప్పక పరిశీలించాలి.

పొడిని వడకట్టి, ఇథనాల్‌తో కడిగి, ఆరబెట్టాలి. అప్పటికి దాని విద్యుత్ వాహకత తక్కువే ఉంటుంది. ఆర్గాన్‌లో సుమారు 800 డిగ్రీల వద్ద వేడిచేస్తే అది మెరుగుపడుతుంది, కానీ వేడి మితిమీరితే మనకు కావలసిన నైట్రోజనే తగ్గిపోతుంది. ఉత్ప్రేరక శక్తిని 0.1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో, తిరిగే డిస్క్ ఎలక్ట్రోడ్‌పై, ఆ ద్రావణాన్ని ముందు నైట్రోజన్‌తోనూ తరువాత ఆక్సిజన్‌తోనూ సంతృప్తపరచి పోల్చి చూడాలి.