భోజనాల గదికి ఇంజినీర్డ్ వుడ్ ఫ్లోరింగ్, 4వ పాఠం: గ్యాప్ వదిలినా నేల ఎందుకు లేచింది?

ఈసారి గుమ్మం దగ్గర పట్టీ బిగించడం చెప్పాలనుకున్నాను. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. 3వ పాఠం చూసి పలకలు పరిచినవాళ్లలో చాలామందికి ఒకటే సమస్య వచ్చింది. కొన్ని రోజులకే గది మధ్యలో నేల పైకి లేచింది, కాలు వేస్తే దిగుతోంది, తీస్తే మళ్లీ లేస్తోంది. "మీరు చెప్పినట్టే గోడల వెంట 12 మిల్లీమీటర్లు వదిలాం కదా!" అని అడుగుతున్నారు. వదిలారు, కానీ గోడల వెంట మాత్రమే వదిలారు.

ముందు మీది ఏ రకం ఉబ్బో చూసుకోండి. ఒక్కో పలక అంచులు పైకి లేచి నడుము పల్లంగా ఉంటే కింద నుంచి చెమ్మ వస్తున్నట్టు. అలాంటివాళ్లు 2వ పాఠంలోని తేమ పరీక్ష దగ్గరికి వెళ్లాలి, ఈ పాఠం వాళ్లకు పనికిరాదు. పలకలు చదునుగానే ఉండి, నేలంతా ఒక దుప్పటిలా లేచిందంటే అది ఎక్కడో ఇరుక్కుపోయింది.

గాలిలో తేమ పెరిగితే చెక్క వెడల్పు వైపు సాగుతుంది. అడుగున ప్లైవుడ్ పొరలు అడ్డంగా, నిలువుగా అతికించి ఉండటం వల్ల ఇంజినీర్డ్ పలక మామూలు చెక్క కన్నా తక్కువ సాగుతుంది. తక్కువే గాని, సాగకుండా ఉండదు. మనం పరిచింది ఫ్లోటింగ్ పద్ధతిలో, అంటే పలకలు ఒకదానికొకటి అతుక్కున్నాయి గాని కింది నేలకు అతుక్కోలేదు. నేలంతా కలిసి ఒకే పెద్ద పలకలా కదలాలి. ఒక్క చోట అడ్డు తగిలినా ఆ ఒత్తిడికి వేరే దారి లేక పైకే లేస్తుంది.

ఎక్కువమంది గ్యాప్ ఇవ్వడం మరిచిపోయిన చోటు ద్వారబంధం. పలకను ద్వారబంధం ఆకారానికి కోసి, బిగుతుగా ఆనించి, సందు కనబడకుండా చేశారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ నేల అక్కడే ఇరుక్కుంటుంది. ద్వారబంధం చెక్కదైతే పలకను కోయకండి, బంధం అడుగునే కోయండి. ఒక పలక ముక్కను, దాని కింద అండర్‌లే (పలకల కింద పరిచే పలచని పొర) ముక్కను పెట్టి, వాటి మీద రంపం పడుకోబెట్టి కోస్తే ఎత్తు సరిగ్గా వస్తుంది. పలక ఆ సందులోకి దూరుతుంది, లోపల గ్యాప్ కూడా మిగులుతుంది, బయటికి కనబడదు.

రెండోది గోడకు ఆనించిన క్రాకరీ అల్మారా. అది ఒరగకుండా స్క్రూలతో నేలకు బిగించినవాళ్లున్నారు. గోడకు బిగించండి, నేలకు వద్దు. మూడోది స్కర్టింగ్, అంటే గోడ అడుగున గ్యాప్‌ను కప్పే పట్టీ: మేకు గోడలోకి వెళ్లాలి, గమ్ కూడా గోడకే రాయాలి. ఇక గ్యాప్‌లో గ్రౌట్ నింపినవాళ్లకు గట్టిగా చెబుతున్నాను, దాన్ని గీకి తీసేయండి. దుమ్ము పడుతుందని నింపామంటున్నారు. దుమ్ము పడకుండా చూడటానికే స్కర్టింగ్ ఉంది. పరిచేటప్పుడు గ్యాప్ కోసం పెట్టిన స్పేసర్లను (చిన్న అడ్డుముక్కలను) తీయడం మరిచిపోయినా ఇదే జరుగుతుంది.

లేచిన నేల మీద బరువులు పెట్టి అణచకండి, టంగ్ (పక్క పలకలోకి దూరే అంచు) విరుగుతుంది. స్కర్టింగ్ తీసి చుట్టూ చూడండి. పలక దేనికి ఆనిందో అక్కడ మల్టీటూల్‌తో కోసి గ్యాప్ ఇవ్వండి. ఒత్తిడి పోతే చాలావరకు దానంతటదే దిగుతుంది, కొన్ని రోజులు ఆగండి.

ఇంకా పలకలు కొననివాళ్ల కోసం కొంచెం. పై చెక్క పొర 3 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. పొర మరీ పలచనైతే తర్వాత సాండింగ్ చేయించడానికి, అంటే పైభాగాన్ని అరగదీసి కొత్తగా చేయించడానికి వీలుండదు. లక్కర్ ఫినిష్ తుడవడానికి సులువు, కానీ గీత పడితే ఆ ఒక్క చోట సరిచేయడం కష్టం. భోజనాల గదిలో కుర్చీలు రోజూ జరుగుతాయి కాబట్టి నేను బ్రష్ చేసిన ఓక్, మ్యాట్ ఆయిల్ ఫినిష్ తీసుకుంటాను. గీత పడ్డ చోటే కొద్దిగా రుద్ది ఆయిల్ పట్టించవచ్చు. కాకపోతే ఒలికింది వెంటనే తుడవాలి, అప్పుడప్పుడు మళ్లీ ఆయిల్ వేయాలి. వాల్‌నట్ అందంగా ఉంటుంది గాని ఓక్ కన్నా మెత్తన, కుర్చీ కాళ్ల కింద నొక్కులు పడతాయి. ఏది తీసుకున్నా కుర్చీ కాళ్లకు ఫెల్ట్ బిళ్లలు అంటించండి, అరిగితే మార్చండి.

ఇప్పుడు అభ్యాసం. ఇది తేలిక కాదు, అయినా చేసి తీరాలి. గది కొలతలతో కాగితం మీద ప్లాన్ గీసి, నేలకు తగిలే ప్రతి కదలని వస్తువునూ ఎర్రగా గుర్తించండి: గోడలు, ద్వారబంధాలు, స్తంభాలు, పైపులు, గోడలో కట్టిన అల్మారాలు. ప్రతి దాని పక్కన 12 అని రాయండి. తర్వాత వరసలు లెక్కపెట్టండి. గది వెడల్పు 2,900 మిల్లీమీటర్లు, పలక 190 అనుకుందాం. రెండు వైపుల గ్యాప్ తీసేస్తే 2,876. అందులో 15 పూర్తి వరసలు పోగా మిగిలేది 26. అంత సన్నని పట్టీ నిలవదు. అందుకని 14 పూర్తి వరసలు ఉంచి, మిగిలిన 216ను సగం చేసి, మొదటి వరస, చివరి వరస 108 చొప్పున కోయండి. మీ గదికి చివరి వరస 60 కన్నా తక్కువ వస్తే ఇలాగే చేయండి. లెక్క కుదిరాక మూడు నాలుగు పెట్టెల నుంచి పలకలు కలిపి తీసుకుని, మూడు వరసలు గమ్ లేకుండా పరచండి. పక్కపక్క వరసల అతుకుల మధ్య కనీసం 300 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ప్లాన్‌లో ఎర్రగా గుర్తించిన ప్రతి చోటా 12 మిల్లీమీటర్ల స్పేసర్ దూర్చి చూడండి. ఎక్కడ దూరకపోతే అక్కడ గమ్ ముట్టుకోకముందే పలకను మళ్లీ కోయండి.