ఉడ్ వెనిగర్‌తో ఆకులు మాడుతున్నాయా? లోపం ఎక్కడుందో చూద్దాం

డ్రమ్ములో కర్రను గాలి అందీ అందకుండా కాల్చి బొగ్గు చేసేటప్పుడు వచ్చే పొగను చల్లారిస్తే కారే పుల్లటి ద్రవమే ఉడ్ వెనిగర్. పురుగుని దూరం పెట్టడానికి దీన్ని నీళ్లలో పల్చగా కలిపి మొక్కల మీద చల్లుతారు, జపాన్, థాయిలాండ్ రైతులకు బాగా అలవాటైన సరుకు. ఇంట్లో చేసుకోవచ్చు, కాకపోతే తొందర పనికిరాదు, కింద చెప్పిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఆ తొందరే.

డ్రమ్ము నిండా కర్ర కాలింది, సీసాలో మాత్రం ఏమీ పడలేదు

పొగ చల్లారే లోపే బయటికి పోతోందన్నమాట. డ్రమ్ము నుంచి పొగను సీసా దాకా తెచ్చే గొట్టం మూడు నాలుగు మీటర్లైనా ఉండాలి, చల్లారిన ద్రవం సీసా వైపు జారేలా వాలుగా పెట్టి, పైన గోనెసంచి చుట్టి తడుపుతూ ఉండండి. అతుకుల దగ్గర పొగ కారుతుంటే బంకమట్టి మెత్తండి. లోపలి కణుపులకు చిల్లు పొడిచిన వెదురు బొంగు గానీ స్టీలు గొట్టం గానీ వాడండి. జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప గొట్టం) వద్దు, ఆ పులుపుకి జింకు పూత కరిగి అందులోనే కలుస్తుంది.

వచ్చింది గానీ నీళ్లలా ఉంది, ఘాటు లేదు

పచ్చి కర్ర పెట్టారు, లేదా మొదటి చుక్క నుంచే పట్టేశారు. మొదట వచ్చే దట్టమైన తెల్ల పొగలో ఎక్కువగా ఉండేది కర్రలోని తేమే. పొగ కాస్త పసుపు తిరిగి కళ్లు మండుతున్నప్పుడు సీసా పెట్టండి. డ్రమ్ము నుంచి గొట్టంలోకి వెళ్లే చోట పొగ వేడి 80 డిగ్రీల నుంచి 150 డిగ్రీల మధ్య ఉన్నంతసేపే పట్టాలి.

నల్లగా, జిగటగా ఉంది

ఆ 150 డిగ్రీలు దాటాక కూడా పట్టారు, తారు ఎక్కువైంది. పొగ పల్చబడి నీలంగా మారగానే సీసా తీసేయండి. ప్లైవుడ్, రంగు వేసిన తలుపు చెక్కలు, మందు పట్టించిన కలప అసలు కాల్చొద్దు. తుమ్మ, సరుగుడు, మామిడి కొమ్మలు, ఎండిన కంది కట్టె చాలు.

చల్లిన మర్నాటికే ఆకు అంచులు మాడాయి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొదటి కారణం, తాజా ద్రవం వాడటం. పట్టిన ద్రవాన్ని గాజు సీసాలో గానీ గట్టి ప్లాస్టిక్ క్యానులో గానీ పోసి నీడలో కదపకుండా కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు ఉంచాలి. పైన పల్చటి నూనె తెట్టు తేలుతుంది, అడుగున తారు దిగుతుంది, మధ్యలో పాలు లేని టీ రంగులో ఉండేదే మనకు కావాల్సింది. సన్న ట్యూబుతో ఆ మధ్య పొరనే లాగి గుడ్డలో వడకట్టండి. అడుగు తారు కాస్త కలిసినా ఆకు మాడుతుంది, నాజిల్ కూడా మూసుకుపోతుంది.

రెండో కారణం మోతాదు. లీటరు నీటికి 2 మి.లీ. తో మొదలుపెట్టండి, అంటే 15 లీటర్ల ట్యాంకుకి 30 మి.లీ. ముదురు మొక్కలకు లీటరుకి 5 మి.లీ. వరకు వెళ్లొచ్చు, లేత నారుకి వద్దు. ఏ మొక్కకైనా ముందు రెండు ఆకుల మీద చల్లి రెండు రోజులు ఆగి చూడండి, చల్లేది సాయంత్రం పూటే.

చల్లుతూనే ఉన్నాం, ఏ తేడా లేదు

ముందు నీళ్లను అనుమానించండి. మన బోరు నీళ్లు చాలాచోట్ల క్షార గుణంతో ఉంటాయి, ఇంత పల్చగా కలిపిన పులుపుని అవే విరిచేస్తాయి. వాన నీళ్లు గానీ ఏసీ నుంచి కారే నీళ్లు గానీ వాడి చూడండి. సున్నం, బూడిద, బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) లాంటివి దీంతో కలపొద్దు. జీవామృతం, ట్రైకోడెర్మా లాంటి మేలు చేసే సూక్ష్మజీవులున్నవి కూడా ఒకే ట్యాంకులో వద్దు, వారం ఎడం ఇవ్వండి. ఇది పురుగుని ఘాటుతో దూరం పెట్టడానికే ఎక్కువ పనికొస్తుంది, ఆకు నిండా పట్టేసిన పేనుబంకనో పిండినల్లినో ఒక్క పిచికారీతో చంపేస్తుందనుకుంటే నిరాశే. ఎరువూ కాదు, కంపోస్టు ఎప్పటిలా వేయాల్సిందే.

కాల్చేటప్పుడు తల తిరుగుతోంది, కడుపులో తిప్పుతోంది

వెంటనే దూరంగా గాలిలోకి వచ్చేయండి. ఆ పొగలో ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అందుకే షెడ్డులోనో వరండాలోనో కాల్చొద్దు, ఆరుబయటే చేయాలి. చిక్కటి ద్రవం ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. అందులో మిథనాల్ కూడా ఉంటుంది కాబట్టి క్యాను మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి పిల్లలకు అందని చోట పెట్టండి, తాగునీళ్ల సీసాల్లో మాత్రం ఎప్పుడూ పోయొద్దు.