ఇంటి వాతావరణ కేంద్రం – ఐదవ పాఠం: డాబా మీది యూఎస్‌బీ కెమెరా

గత పాఠంలో వానకొలత పాత్రను డాబా మీద నిలిపి, ఉదయం ఎనిమిదిన్నరకు నీటిని కొలిచి రాసుకోవడం మొదలుపెట్టాం. వేడిమి, తేమ, పీడనం, వాన అనే నాలుగు వరుసలు ఇప్పుడు మన పుస్తకంలో నిండుతున్నాయి. అయినా ఆ నాలుగు వరుసలు చూసి ఆనాటి ఆకాశం ఎలా ఉందో చెప్పలేము. ఉదాహరణకు, మన ప్రాంతంలో ఉదయం పది గంటల నుంచి సాయంత్రం నాలుగు గంటల వరకు గాలి పీడనం రోజూ మూడు మిల్లీబార్ల దాకా తగ్గుతుంది. ఎండ వేడికి వాతావరణమంతా రోజుకు రెండుసార్లు సముద్రపు పోటులాగా పొంగి తగ్గడం వల్ల కలిగే మార్పు ఇది. దీనికి వానతో సంబంధం లేదు. అందువల్ల నాలుగింటికి పీడనం తగ్గిందన్న అంకె ఒక్కటే చేతిలో ఉంటే, అది రోజువారీ వాటమో, వచ్చే గాలివానకు సూచనో తేల్చలేము. కొండల వైపు ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది. మనం ఇంట్లో లేనప్పుడు కూడా ఆ చూపును నిలబెట్టడమే ఈ పాఠం.

రాడార్ బొమ్మ ఫోనులోనే దొరుకుతుంటే ఇదంతా ఎందుకని అడిగేవారుంటారు. ఒడిశా–ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడికి దగ్గరి రాడార్ గోపాల్‌పూర్‌లో, నేరుగా కొలిస్తే సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. నేలకు అర డిగ్రీ ఎత్తుగా పంపిన రాడార్ కిరణం, భూమి వంపు కూడా కలిసి, ఇక్కడికి చేరేసరికి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున పోతూ ఉంటుంది. కొండల నడుముకు చుట్టుకున్న మబ్బు దానికి కనబడదు, మన కెమెరాకు కనబడుతుంది. పైగా నది అవతల పాతపట్నంలో జోరుగా వాన కురుస్తుండగా మా వీధిలో వడియాలు ఎండిన రోజులు నేను ఎన్నో చూశాను.

పని మొదలుపెట్టేముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కెమెరా అందమైన బొమ్మల కోసం కాదు; ఇది ఉష్ణమాపకంలాంటి కొలత పరికరం. ఉష్ణమాపకాన్ని ఒకరోజు నీడలో, ఒకరోజు ఎండలో పెట్టి అంకెలు పోల్చలేనట్టే, రోజుకొక దిక్కు చూస్తూ, రోజుకొక రంగు చూపించే కెమెరా బొమ్మలనూ పోల్చలేము. ఈ పాఠంలోని ప్రతి పనిలోనూ కెమెరాను కదలనివ్వకుండా, దాని ఇష్టానికి వదలకుండా ఉంచడమే మన ప్రయత్నం.

కెమెరా ఎంపిక

దీని గురించి ఎక్కువ చెప్పవలసిన పనిలేదు. యూవీసీ అనే, యూఎస్‌బీ కెమెరాలన్నిటికీ ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే కెమెరా ఏదైనా రాస్‌బెర్రీ పై వంటి చిన్న లినక్స్ కంప్యూటరుకు తగిలించిన వెంటనే, ప్రత్యేకంగా డ్రైవరు అక్కరలేకుండానే పనిచేస్తుంది. 1280 బై 720 చుక్కల బొమ్మ మనకు చాలు. కొనేటప్పుడు అడగవలసింది ఫోకస్ సంగతి: దూరానికి స్థిరంగా నిలపగలిగే ఫోకస్ ఉన్నదే తీసుకోండి. కారణం కింద వస్తుంది.

ఎటు తిప్పాలి

సూర్యుడు నేరుగా కటకంలోకి పడితే బొమ్మ పాడవుతుంది. నెలల తరబడి పడితే సెన్సర్ మీది రంగు పొరలు కూడా దెబ్బతింటాయి. కాబట్టి ఉత్తరం వైపు తిప్పడం మంచిది. అయితే మనం కర్కటరేఖకు దక్షిణాన, సుమారు 18.8 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. మే నెల నడిమి నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే పోతాడు. ఆ రోజుల్లో కూడా నేల నుంచి 85 డిగ్రీలకు పైగా ఎత్తున ఉంటాడు కాబట్టి కెమెరా చట్రంలోకి రాడు. అసలు చిక్కు ఉదయాలతోనే. జూన్‌లో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక, ఉత్తరం నుంచి 65 డిగ్రీల దగ్గర ఉదయిస్తాడు. మహేంద్రగిరి ఉన్న ఈశాన్యం వైపు కెమెరా తిప్పాలని మా ఊళ్లో ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. అలా తిప్పితే వేసవి ఉదయాలన్నీ తెల్లని మరకలుగా మిగులుతాయి. కెమెరా వెడల్పు చూపు 60 డిగ్రీలు అనుకుంటే, ఉత్తరానికి అటు 30, ఇటు 30 డిగ్రీలు పడుతుంది; ఆ మేరలోకి సూర్యుడు ఏడాది పొడవునా రాడు.

నిలువుగా చూస్తే, నేల బొమ్మలో కింది పావు వంతు మాత్రమే ఉండాలి. కెమెరా వెలుగును చట్రం మొత్తం మీద సరాసరి చూసి సర్దుకుంటుంది కాబట్టి, నల్లటి నేల ఎక్కువైతే ఆకాశం వెలిసిపోతుంది. నేల తగ్గితే ఎదురింటివారి మేడ, దాని మీద ఆరేసిన బట్టలు, జుట్టు ఆరబెట్టుకునే ఆడవాళ్లు కూడా బొమ్మలోంచి తప్పుకుంటారు. ఇది మర్యాద విషయం. బిగించేముందు ఒకసారి వాళ్లకు బొమ్మ చూపించండి.

తీగ సంగతి

మొదటిసారి నేను తప్పు చేసింది ఇక్కడే. కంప్యూటరు కింద గదిలో, కెమెరా డాబా మీద. బజారులో చవగ్గా దొరికిన 10 మీటర్ల మామూలు పొడిగింపు తీగ వేశాను. కెమెరా ఒక పూట కనబడేది, మరో పూట మాయమయ్యేది. కెమెరా పాడైందనుకొని రెండోది కొన్నాను, అదీ అంతే. తరువాత లెక్క వేసి చూస్తే సంగతి అర్థమైంది. అలాంటి తీగల్లో ఉండే 28 గేజి సన్నని రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. కరెంటు పోయి రావాలి కాబట్టి 10 మీటర్ల తీగ 20 మీటర్లతో సమానం, అంటే నాలుగు ఓమ్‌లకు పైమాటే. కెమెరా 0.3 ఆంపియర్లు తీసుకుంటే 1.2 వోల్టులకు మించి తీగలోనే ఖర్చవుతుంది. ఐదు వోల్టులతో బయలుదేరింది చివరకు నాలుగు కూడా మిగలదు. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం తీగ 5 మీటర్లకు మించకూడదన్నది ఉత్త మాట కాదు. అంతకంటే దూరమైతే మధ్యలో సంకేతాన్ని బలపరిచే ఆక్టివ్ పొడిగింపు తీగ కొనాలి, లేదా కంప్యూటరునే మెట్లగదిలోకి మార్చి తీగను కుదించాలి. నేను రెండోది చేశాను, ఖర్చు కూడా లేదు.

తీగ గోడలోకి ప్రవేశించేచోట ముందు కిందికి ఒక వంపు తిప్పి, తరువాత పైకి తీసుకుని రంధ్రంలోకి పంపండి. వాన నీరు తీగ వెంట జారి వంపు దగ్గర బొట్లుగా రాలిపోతుంది, ఇంట్లోకి రాదు. కోతులు తిరిగే వీధుల్లో తీగను పీవీసీ గొట్టంలో పోనివ్వక తప్పదు. వేలాడే తీగను కోతి వదలదు.

పెట్టె

పెట్టె చేయడానికే ఎక్కువ సమయం పెట్టండి. కరెంటు పనికి వాడే ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు తీసుకుని, ముందు వైపు నాలుగు సెంటీమీటర్ల గుండ్రని రంధ్రం కోసి, లోపలి నుంచి పలుచని గాజు ముక్కను సిలికాన్ జిగురుతో అతికించాలి. ప్లాస్టిక్ అద్దం వద్దు. రెండు వేసవుల ఎండకు పసుపు తిరుగుతుంది. కెమెరా కటకం గాజుకు దాదాపు ఆనుకుని ఉండాలి, లేకపోతే లోపలి వెలుగు గాజు మీద పడి తిరిగి బొమ్మలోకి వస్తుంది. కెమెరా మీద వెలిగే చిన్న దీపానికి నల్ల టేపు అంటించండి. గాజుకు పైన నాలుగంగుళాల పీవీసీ పైపును నిలువునా చీల్చిన ముక్కను టోపీలా బిగిస్తే చినుకులు నేరుగా తగలవు.

పెట్టెను పూర్తిగా మూసేయాలని అందరూ అనుకుంటారు. గాలి చొరని పెట్టెలో పగటి వేడికి వ్యాకోచించిన గాలి రాత్రి చల్లబడి కుంచించుకున్నప్పుడు, ఏదో ఒక సందులోంచి తేమను లోపలికి పీల్చుకుంటుంది. అది బయటికి పోయే దారి ఉండదు. కాబట్టి అడుగున అగ్గిపుల్ల దూరేంత రంధ్రం ఒకటి పెట్టి, చీమలు ఎక్కకుండా దానికి సన్నని జాలీ అంటించండి. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా గుళికల సంచులు రెండు లోపల వేయండి. మరో చిట్కా: కెమెరాకు విద్యుత్తు ఎప్పుడూ అందుతూ ఉంటే దాని స్వల్పమైన వేడికి డిసెంబరు తెల్లవారుజామున కూడా గాజు మీద మంచు పట్టదు.

అయితే పెట్టె ఎంత బాగా చేసినా, దాన్ని డాబా మీద ఇనుప గొట్టానికి అన్నిటికంటే ఎత్తుగా కట్టకండి. పిడుగుకు దారి చూపినట్టవుతుంది. ఉత్తరపు గోడ మీద, సన్‌షేడ్ కింద బిగించడమే నా సలహా. ఉరుములు మొదలైతే కంప్యూటరు నుంచి తీగ ఊడదీయండి; ఆ అరగంట బొమ్మలు పోయినా ఫరవాలేదు.

అమరికలు

కెమెరాను తగిలించాక దాని అమరికలను స్వయంచాలకం నుంచి తప్పించాలి. మొదటిది ఫోకస్. గాజు మీద ఒక వాన చినుకు నిలిచిందనుకోండి. తనంతట తాను ఫోకస్ మార్చుకునే కెమెరా ఆ చినుకునే ముఖ్య వస్తువనుకొని దాని మీద నిలుస్తుంది. బొమ్మలో చినుకు అంచు, అందులో తలకిందులైన మన వీధి, గాజు మీది దుమ్ము రేణువులు కూడా స్పష్టంగా కనబడతాయి. వెనుక కొండలు, మబ్బులు బూడిద ముద్దగా మారతాయి. వాన ఎలా వచ్చిందో చూడవలసిన రోజునే బొమ్మ పనికిరాకుండా పోతుంది. కొండ మీద ఫోకస్ నిలిపి అక్కడే బిగించేయండి. అప్పుడు చినుకు ఒక మసక మచ్చగా మాత్రమే కనబడుతుంది.

రెండవది తెలుపు సమతుల్యం (వైట్ బ్యాలెన్స్), అంటే తెల్లని వస్తువు తెల్లగా కనబడేలా కెమెరా రంగులను సర్దే అమరిక. దీన్ని కెమెరాకు వదిలితే ఉదయపు ఎరుపును, దుమ్ము మబ్బు పసుపును తప్పనుకొని సరిచేసేస్తుంది. 5500 కెల్విన్‌ల దగ్గర స్థిరంగా ఉంచండి. మూడవది వెలుగు తీసుకునే కాలం. దీన్ని మాత్రం స్వయంచాలకంగానే వదలాలి, ఎందుకంటే తెల్లవారి వెలుగుకూ మధ్యాహ్నపు వెలుగుకూ వేల రెట్ల తేడా ఉంటుంది. యాభై హెర్ట్జ్ అనే అమరిక ఇంటి లోపలి ట్యూబ్‌లైట్ల కోసం. ఆకాశానికి దానితో పనిలేదు.

బొమ్మ తీయడానికి ఎఫ్‌ఎస్‌వెబ్‌క్యామ్ అనే చిన్న ప్రోగ్రాము సరిపోతుంది. కెమెరా మేలుకున్న వెంటనే వచ్చే చిత్రాలు చీకటిగానో, వెలిసిపోయో ఉంటాయి కాబట్టి, మొదటి ఇరవై చిత్రాలను వదిలి ఆ తరువాతిదాన్ని దాచమని చెప్పాలి. ఏ పని ఏ వేళకు చేయాలో లినక్స్‌కు చెప్పే క్రాన్ పట్టికలో ఉదయం 5 నుంచి సాయంత్రం 7 వరకు ఐదు నిమిషాలకు ఒకసారి అని రాస్తే రోజుకు 169 బొమ్మలు వస్తాయి. ఒక్కొక్కటి 150 కిలోబైట్లు అనుకుంటే రోజుకు సుమారు 25 మెగాబైట్లు, ఏడాదికి 9 గిగాబైట్లు. రాత్రి బొమ్మల కోసం ఆరాటపడకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నరల మధ్య. అప్పుడు మా డాబా మీద కెమెరా ఉన్నా దానికి చిక్కేది చీకటే. అలాంటి రాత్రులకు పీడనం వరుసే దిక్కు.

కరెంటు పోయి వచ్చాక గడియారాన్ని మరచిపోకండి. పాత రాస్‌బెర్రీ పైలలో బ్యాటరీ గడియారం ఉండదు. ఇంటర్నెట్ లేకుండా మేలుకుంటే తప్పు సమయంతోనే బొమ్మల మీద ముద్ర వేస్తుంది. మన ఊళ్లలో గాలివాన వచ్చినప్పుడు కరెంటూ, నెట్టూ కలిసే పోతాయి. చవగ్గా దొరికే గడియారం చిప్పు ఒకటి తగిలించుకోవడం మేలు.

బొమ్మను చదవడం

ముందుగా మీ చట్రంలో కనబడే గుర్తులకు దూరాలు పటం మీద కొలిచి రాసుకోండి: నీళ్ల ట్యాంకు, గుడి శిఖరం, మొదటి కొండ, వెనుక కొండల వరుస. ఉదయం బొమ్మలో ఎంత దూరపు గుర్తు వరకు కనబడిందో అదే ఆనాటి దృశ్యమానత. కిలోమీటరు దూరపు గుర్తు కనబడకపోతే దాన్ని పొగమంచు అని రాయాలి. అంతకంటే దూరం కనబడుతూ మసకగా ఉంటే పలుచని మంచో, దుమ్మో అని తేమ వరుస చూసి తేల్చాలి.

రెండవ పని నాకు మరీ ఇష్టమైనది. వేడిమి నుంచి మంచుబిందు ఉష్ణోగ్రతను (గాలి ఎంతకు చల్లబడితే అందులోని తేమ నీటి బొట్లుగా మారుతుందో ఆ అంకెను; వేడిమి, తేమ వరుసల నుంచి ఇది లెక్కకు వస్తుంది) తీసివేసి, వచ్చినదాన్ని 125తో హెచ్చిస్తే, నేల నుంచి పైకి లేచే గాలితో ఏర్పడే దూది మబ్బుల అడుగు ఎంత ఎత్తులో ఉండాలో మీటర్లలో వస్తుంది. వేడిమి 30, మంచుబిందువు 25 అయితే 625 మీటర్లు. ఇప్పుడు బొమ్మలో మబ్బు అడుగు కొండను ఎక్కడ కోస్తున్నదో చూడండి. ఆ కొండ మన నేల కంటే ఎంత ఎత్తో పటంలో ఉంటుంది కాబట్టి, లెక్కకూ కంటికీ ఎంత తేడా వచ్చిందో అక్కడికక్కడే తెలుస్తుంది. తేడా మరీ ఎక్కువగా ఉంటే మీ తేమకొలతను అనుమానించండి. నా దాంట్లో పొరపాటు ఇలాగే బయటపడింది. వాన కురిసిన వెంటనే కొండలకు అంటుకునే చింకి మబ్బులకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన పని

ఏడు రోజులపాటు ఉదయం ఎనిమిదిన్నర బొమ్మను, వాన కొలిచే సమయానికే, తెరిచి చూడండి. మిగతా అంకెలు చూడకముందే దృశ్యమానత, మబ్బు రకం, మబ్బు కొండను తాకిందా లేదా అనే మూడు విషయాలు రాసుకోండి. వచ్చే పాఠంలో ఒక రోజు 169 బొమ్మలను కలిపి ఏడు సెకన్ల కదిలే బొమ్మగా చేద్దాం. సిలికాన్ జిగురు పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది, కాబట్టి పెట్టెను వాన లేని రోజు చూసి బిగించండి.